ఇంజన్ గడిలో సున్నా

రెండు వేల నూట పదహారో వరస దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ వరసలో లారీ గంటకి అరవై నాలుగు కిలోమీటర్ల వేగంతో పరిగెడుతోంది. పక్క గడిలో మాత్రం ఇంజన్ ఆగి ఉంది.

కింది వరస చూశాను. వేగం అరవై ఒకటి, ఇంజన్ సున్నా. ఆ కింద యాభై ఎనిమిది, ఇంజన్ సున్నా. అలా రెండు గంటల సేపు, చీమకుర్తి నుంచి చిలకలూరిపేట దాకా, అంత లారీ ఇంజన్ వెయ్యకుండా వచ్చేసిందట. పల్లంలో దొర్లింది అనుకుందామన్నా మా ప్రాంతంలో అంత పొడుగు పల్లం ఎక్కడా లేదు.

"ఏంటి నస్రతూ, ఏమన్నా దొరికిందా?" ఎదురుగా బెంచీ మీద కూర్చున్న రహిమున్నీసా అక్క అడిగింది. ఆమె పొద్దున ఏడింటికే చిలకలూరిపేటలోని నా చిన్న డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసింది.

"దొరికిందక్కా. ఈసారి గడియారం సరిగ్గానే పెట్టాను."

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలి. ఈ కేసులో నేను ఒకసారి పరువు పోగొట్టుకున్నాను, దాచుకోను.

అక్క భర్త హయాత్ లారీ డ్రైవరు. పదమూడో తారీఖు ఉదయం ఎనిమిదీ నలభై ఒకటికి, చిలకలూరిపేట హైవే మీద, రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోతున్న జిన్నింగు మిల్లు వాచ్‌మన్ ఆదెయ్యని ఒక లారీ గుద్ది, ఆగకుండా పోయింది. ఆదెయ్య అక్కడికక్కడే పోయాడు. నంబరు ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం హయాత్ యజమాని చైతన్యకృష్ణ తనంతట తనే స్టేషన్‌కి వచ్చి, తన లారీ జీపీఎస్ రిపోర్టు సీఐ గారి చేతిలో పెట్టాడు. ఆ నిమిషంలో, ఆ చోట, హయాత్ తోలే పాత లారీ ఉందని అందులో ఉంది. సొంత లారీ మీద సొంత యజమానే సాక్ష్యం ఇచ్చాడని ఊరంతా మెచ్చుకుంది. హయాత్ మాత్రం ఒకటే మాట మీదున్నాడు. లారీ క్లచ్ పోయి చీమకుర్తిలో షెడ్డులో జాకీల మీదుంది, నేను దాని పక్కనే పడుకున్నాను అని. ఆ షెడ్డు మెకానిక్కేమో, లారీ పన్నెండో తారీఖు రాత్రే బాగై వెళ్ళిపోయిందన్నాడు. దాంతో హయాత్ తొమ్మిది రోజులుగా జైల్లో ఉన్నాడు. రేపు బెయిలు విచారణ.

చైతన్యకృష్ణ ఇచ్చిన రిపోర్టు రెండు పేజీలు, పదమూడు ఉదయం నుంచి ప్రమాదం దాకా. రంగు మ్యాపు, దాని మీద ఎర్ర గీత, అరగంట దాటి ఆగిన చోట్ల పట్టిక. చూడ్డానికి పెళ్ళి శుభలేఖలా ఉంది. నాకు కావలసింది ఆ గీత వెనకున్న అంకెలు. లారీలో బిగించిన జీపీఎస్ డబ్బా పది సెకన్లకొకసారి పంపే అంకెలు. డ్రైవరుకి కూడా ఆ యాప్‌లో ఒక లాగిన్ ఉంటుందని చైతన్యకృష్ణ మర్చిపోయాడు. హయాత్ ఫోను అక్క దగ్గరే ఉంది.

అందులోంచి దించుకున్న ఫైలు మనిషి చదివేది కాదు. తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం, వేగం, ఇంజన్, అన్నీ ఏవేవో గుర్తుల మధ్య ఇరుక్కుని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడగొట్టి, మ్యాపు మీది ఒక్కో చుక్కని ఒక్కో వరసలో, ఒక్కో అంకెని ఒక్కో గడిలో కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్ చెయ్యాలి. మొదటిసారి చేసినప్పుడు తొందరపడ్డాను. ఫైలులో ఉండే శాటిలైట్ టైము మన టైముకి ఐదున్నర గంటలు వెనకుంటుంది. అది కలపకుండా, 8:41 అన్న వరస చూసేసి, "ఆ టైముకి లారీ కదలనే లేదు" అని స్టేషన్లో గొంతు చించుకున్నాను. నేను చూసిన వరస మధ్యాహ్నం రెండూ పదకొండుది. ఐదేళ్ళు గ్రానైట్ క్వారీల్లో సర్వేయర్‌గా చేసిన దాన్ని, యజమాని కోరిన చోట హద్దురాయి పాయింటు రాయనని ఉద్యోగం వదిలేసుకున్న దాన్ని, చిన్నపిల్లలా దొరికిపోయాను.

పట్టుకున్నవాడు శివరామకృష్ణ. రిటైర్డ్ ఎస్సై. గుంటూరులో ఏసీ ఆఫీసు పెట్టుకున్న డిటెక్టివ్. చైతన్యకృష్ణ తరఫున ఈ కేసు చూస్తున్నాడు. అప్పట్నుంచి నాకు 'ఐదున్నర గంటల మేడం' అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ. ఈసారి ప్రతి వరసకీ ఐదున్నర కలిపి, చేత్తో రెండుసార్లు సరిచూసుకున్నాను.

"నేను చీమకుర్తి పోతున్నా. నువ్వు ఇంటికెళ్ళక్కా. వాళ్ళు మళ్ళీ వస్తారేమో చూసుకో."

చైతన్యకృష్ణ మనుషులు అప్పటికి రెండుసార్లు వచ్చారు. హయాత్ నేరం ఒప్పుకుంటే ఇల్లు మేం చూసుకుంటాం అని.

"రానీ," అంది అక్క, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "ఆ ఇంటి గింజ నా గుమ్మం దాటదు."

*

మోటారు సైకిలు మీద చీమకుర్తి చేరేసరికి పదీ పది. మెకానిక్ మాబు సాహెబ్ షెడ్డులో హయాత్ లారీ ఒక మూలనుంది. పోలీసుల పసుపు టేపు దాని చుట్టూ చుట్టి ఉంది. దాటలేదు. డ్రైవరు వైపు అద్దం దించే ఉంది కాబట్టి, బయట డ్రమ్ము మీదెక్కి ఫోను లైటు లోపలికి వేశాను.

స్టీరింగ్ కింద డబ్బా ఉండాల్సిన చోట ఖాళీ. ఎర్ర వైరు, నల్ల వైరు కిందికి వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాని కొసకీ విడివిడిగా నల్ల టేపు చుట్టి ఉంది. టేపు చివర కొంచెం మడిచి ఉంది, మళ్ళీ విప్పేటప్పుడు గోటికి అందేలా.

నాలుగు ఫొటోలు తీసి దిగాను. షెడ్డులో ఇంకో మూడు లారీలున్నాయి. వాటి బానెట్ల కింద మాబు సాహెబ్ చుట్టిన టేపులు చూశాను. అన్నిటి చివరా అదే మడత.

"టీ తాగుతావా అమ్మాయ్?" మాబు సాహెబ్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. నేను క్వారీలో పనిచేసేటప్పుడు మా జీపు ఈయన చేతిలోనే బతికింది. నా మొహం మాత్రం చూడట్లేదు.

"తర్వాత తాగుతా బాబాయ్. హయాత్ డబ్బా ఏం చేశాడన్నావు పోలీసులకి?"

"పీకేశాడన్నా. గుద్దేసి పారిపోయొచ్చి, లారీ ఇక్కడ పడేసి, కోపంగా డబ్బా పీకి పట్టుకుపోయాడు."

"కోపంగా పీకినవాడు వైర్లకి టేపు చుడతాడా?"

ఆయన తుడిచిన చేతులే మళ్ళీ గుడ్డకి తుడుచుకున్నాడు.

"అదీ రెండు వైర్లకీ విడివిడిగా. చివర మడత పెట్టి మరీ. ఆ మడత ఈ చుట్టుపక్కల ఎవరు పెడతారు బాబాయ్?"

"ఎవరైనా పెట్టొచ్చు."

"సరే, ఎవరైనా పెట్టొచ్చు." లాప్‌టాప్ తెరిచి టైర్ల దొంతర మీద పెట్టాను. "ఇది చూడు. పన్నెండో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటా యాభై దాకా డబ్బా ఇక్కడే, నీ షెడ్డులో ఉంది. వేగం సున్నా. యాభై రెండుకి కదిలింది. అరవై, అరవై నాలుగు, స్పీడు బ్రేకర్ల దగ్గర పది. ఈ ఇంజన్ గడి చూడు. సున్నా, సున్నా, సున్నా. సాయంత్రం ఆరూ పన్నెండుకి చిలకలూరిపేటలో చైతన్యకృష్ణ యార్డులో మళ్ళీ ఒకటి అయింది. ఇంజన్ వెయ్యకుండా పేట దాకా పోయే లారీని బాగుచేశావంటే నీ చేతికి మొక్కాలి బాబాయ్."

"వైరు పీకేస్తే అది చచ్చిపోతుంది కదా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"దాని కడుపులో చిన్న బ్యాటరీ ఉంటుంది. వైరు లేకపోయినా కొన్ని గంటలు చెప్తూనే ఉంటుంది."

ముసలాయన టైరు మీద కూలబడ్డాడు. నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది. ఆ రెండిట్లో కోపమే ఎక్కువ.

"హయాత్ నీ దగ్గర ఎన్నేళ్ళుగా లారీ పెడుతున్నాడు? వాడి పెళ్ళాం రోజూ నా మెట్లెక్కి వస్తోంది. నువ్వు అబద్ధం చెప్పావని ఇంతవరకూ ఒక్క తిట్టు తిట్టలేదు నిన్ను. నీకేదో కష్టం వచ్చుంటుందంది."

అది తగిలింది. తల దించుకుని చేతిలో గుడ్డ మెలిపెట్టాడు.

"ఈ షెడ్డు స్థలం చైతన్యబాబు వాళ్ళ నాన్నదమ్మా," అన్నాడు చివరికి. "సామాన్లు రోడ్డు మీద పడేయిస్తానన్నాడు. అసలు అప్పుడు తప్పనుకోలేదు నేను. కొత్త లారీ కొన్నాడు చైతన్యబాబు. దానికి డబ్బా ఇంకా రాలేదు. ఫోన్లో మ్యాపు మీద చుక్క కనపడని లారీకి మిల్లువాళ్ళు లోడివ్వరు. ఎలాగూ హయాత్ లారీ పడుకునుంది కదా, ఆ డబ్బా కొత్తదానికి పెడతానని మనిషిని బైకు మీద పంపాడు. నేనే విప్పిచ్చా. ఇక్కడ అందరూ చేసేదే."

"అప్పుడు హయాత్ ఎక్కడున్నాడు?"

"లారీ కిందే ఉన్నాడు. నాకు స్పానర్లు అందిస్తున్నాడు, పైన ఏం విప్పానో చూడలేదు."

"పదమూడున ఎనిమిదీ నలభై ఒకటికి?"

"ఇక్కడే. క్లచ్ ప్లేటు వచ్చిందే పద్నాలుగున. ప్లేటు లేకుండా లారీ ఎలా కదులుతుందమ్మా?"

"ఇదంతా కాగితం మీద రాసిస్తావా?"

"షెడ్డు పోతుంది."

"పోతుంది. ఉంచుతానని అబద్ధం చెప్పను. రాస్తావా?"

గుడ్డ అవతల పారేసి, "పెన్నియ్యి," అన్నాడు.

*

ఆయన రెండో పేజీలో ఉండగా బయట కారు ఆగింది. పదకొండూ యాభై. కొత్త కారు. బానెట్ మీద పసుపు బొట్లు ఇంకా చెరగలేదు, ముందు కట్టిన నిమ్మకాయ ఎండిపోయి ఉంది. అందులోంచి శివరామకృష్ణ దిగాడు.

"ఓహో, ఐదున్నర గంటల మేడం గారు! ఇవాళ టైమెంతండీ? మనదా, లండన్‌దా?"

"మనదే సార్. కూర్చోండి, చూపిస్తా."

"నాకు చూపించేదేముందమ్మా. మ్యాపు ఉంది, గీత ఉంది, గీత ఆదెయ్య మీద నుంచి పోయింది. ఏం మాబూ, ఏం రాస్తున్నావ్?"

"నిజం రాస్తున్నా," అన్నాడు మాబు సాహెబ్ తలెత్తకుండా.

శివరామకృష్ణ నవ్వు తగ్గింది. నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

"మీ రిపోర్టులో అరగంట లోపు ఆగిన చోట్లు రావు సార్. ఇందులో వస్తాయి. పదమూడున ఐదూ ముప్ఫై ఎనిమిదికి డబ్బా చైతన్యకృష్ణ యార్డులో బయల్దేరింది. ఆరూ యాభై రెండుకి పెదకాకాని గుడి ముందు ఆగింది. ఇరవై ఐదు నిమిషాలు."

"టీ తాగుంటాడు."

"ఏడూ పదిహేడుకి ఇంజన్ ఒకటి, వేగం మూడు. ఒక్క వరస, పది సెకన్లు. వెంటనే మళ్ళీ సున్నా. ఏడూ పందొమ్మిదికి బయల్దేరి వచ్చేసింది. ఇంజన్ వేసి, నాలుగడుగులు ముందుకి పోనిచ్చి, ఆపి, దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళే టీ ఎక్కడ దొరుకుతుందో నాక్కూడా చెప్పండి సార్."

ఆయన చూపు ఒక్క క్షణం తన కారు మీదికి పోయి వచ్చింది.

"నిమ్మకాయలు తొక్కించారు," అన్నాను. "పెదకాకానిలో కొత్త బండ్లకి చేయించే పూజ. హయాత్ లారీకి పదమూడేళ్ళు. పదమూడేళ్ళ లారీకి మొన్న నిమ్మకాయలెందుకు?"

"దసరాకి పాత బండ్లకీ చేస్తారు."

"ఇది మిర్చి సీజను సార్. దసరా పోయి ఎన్నాళ్ళయింది? ఇంకోటి అడుగుతా. మొన్న మీ కొత్త కారు నిమ్మకాయల మీద నుంచి పోనిచ్చేటప్పుడు స్టీరింగ్ దగ్గర డ్రైవర్ని కూర్చోబెట్టారా?"

"నేనే కూర్చున్నా," అన్నాడు, అనేసి నాలిక కరుచుకున్నాడు.

"కొత్త లారీకి చైతన్యకృష్ణ కూర్చున్నాడు. సరదాకి పేట దాకా తనే తోలుకొచ్చాడు. మిల్లు దగ్గర మొదటి లోడు."

"బాబుకి లారీ తోలడం రాదు," అన్నాడు మాబు సాహెబ్. "లైసెన్సూ లేదు. పోయినేడు ఇక్కడ రివర్సు తీస్తూ నా గోడ కూల్చాడు."

"గుద్దాక భయమేసింది. అప్పుడు గుర్తొచ్చింది, మిల్లు వాళ్ళ ఫోన్లో కనపడే చుక్క కొత్త లారీది కాదు, హయాత్ లారీ నంబరుది అని. ఆ రిపోర్టే పట్టుకుని స్టేషన్‌కి పోయాడు. ఆ లారీ ఇప్పుడు ఎక్కడుందో కూడా చెప్తా. వాళ్ళ మూతబడ్డ జిన్నింగు షెడ్డులో. పదమూడు ఉదయం తొమ్మిదీ పది నుంచి డబ్బా అక్కడే ఉంది. తన ఫోన్లో ఆ నంబరు తీసేశాడు కాబట్టి చుక్క చచ్చిపోయిందనుకున్నాడు."

శివరామకృష్ణ ఒక్కసారిగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"మేడం, కథ బాగుంది. ఒక్కటే తేడా. డబ్బా షెడ్డులో లేదు, హయాత్ ఇంట్లో ఉంది. సీఐ గారు సాక్ష్యానికి మధ్యవర్తుల్ని పిలిపించుకుని పన్నెండున్నరకి సోదాకి బయల్దేరుతున్నారు. డబ్బా వాడింట్లో దొరికాక, మీ నిమ్మకాయలు మీరే పిండుకోండి."

పొద్దున్న నేను దించుకున్న ఫైలు తొమ్మిది లోపుది. హయాత్ ఫోను తీసి మళ్ళీ దించాను. కొత్త వరసలు షీట్‌లో పడ్డాయి. ఐదున్నర కలిపాను. ఇంకోసారి సరిచూసుకున్నాను.

11:20. వేగం పద్నాలుగు. ఇంజన్ సున్నా. జిన్నింగు షెడ్డు గేటు.

11:34. వేగం సున్నా. ఆ అక్షాంశం, రేఖాంశం మ్యాపులో వెయ్యనక్కర్లేదు. రహిమున్నీసా అక్క వీధి నాకు తెలుసు. అప్పట్నుంచి కదలలేదు.

తొమ్మిది రోజులుగా జైల్లో ఉన్న మనిషి ఇంటికి, ఆ డబ్బా ఇవాళ వెళ్ళింది. ఇంకో అరగంటలో పోలీసులు దాన్ని అక్కడ పట్టుకుంటారు. రేపు జడ్జిగారు ఇక ఏమీ వినరు.

"సార్," అన్నాను వీలైనంత మెల్లగా. "డబ్బా హయాత్ ఇంట్లో ఉందని మీకెవరు చెప్పారు?"

"చైతన్యే. వీధిలో ఎవరో చూసి చెప్పారట."

"ఎన్నింటికి చెప్పాడు? ఫోన్లో చూసి చెప్పండి."

విసుక్కుంటూనే ఫోను తీశాడు. "పదకొండూ ఐదు. ఒంగోలు బైపాస్‌లో టిఫిన్ చేస్తున్నా. పదకొండూ పదికి నేను సీఐ గారికి చెప్పా. అయితే?"

నేను వేలు 11:20 వరస మీద పెట్టాను.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. నా మీద వెటకారం ఉంటే ఉండొచ్చు, టైములు చదవడం మాత్రం వచ్చు. డబ్బా షెడ్డులోంచి కదలడానికి పదిహేను నిమిషాల ముందే, అది హయాత్ ఇంట్లో ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? పెట్టబోయేవాడికి తెలుస్తుంది.

మొహం ఎర్రబడింది. "నన్ను... నన్ను వాడుకుంటాడా వీడు!"

"సార్, ఫోను చెయ్యకండి!"

అప్పటికే చెవి దగ్గర పెట్టేసుకున్నాడు. "ఒరేయ్ చైతన్యా! పదకొండూ ఇరవైకి షెడ్డులోంచి బయల్దేరిన డబ్బా పదకొండూ ఐదుకే ఆ ఇంట్లో ఉందని ఎలా చెప్పావురా నాకు? ఏరా? మాట్లాడవేంరా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నాకూ వినపడింది.

"మీ కోపం తగలెయ్య!" అన్నాను. పెద్దవాడని చూడలేదు. "అంకెలు మన దగ్గరున్నాయని మీరే చెప్పేశారు. ఇప్పుడు ఆ డబ్బా వెనక్కి తీసుకుపోవడానికి మనుషుల్ని పంపుతాడు. అది కాలవలో పడితే ఇక ఈ వరసలన్నీ మనం కల్పించినవంటాడు."

ఆయనకి అర్థమైంది. నేను అక్కకి ఫోను చేశాను.

"అక్కా, పొద్దున్న ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

"వచ్చారు, ఆ దిక్కుమాలినోళ్ళే. పదకొండున్నరప్పుడు. బియ్యం బస్తా తెచ్చారు. లోపల పెడతామన్నారు, నేను పెట్టనివ్వలా. ఆ ఇంటి గింజ నా గుమ్మం దాటదని చెప్పాగా నీకు? అరుగు మీద పడేసి పోయారు."

కళ్ళు మూసుకున్నాను. డబ్బా ఇంట్లో లేదు. వీధి మొత్తం చూస్తుండగా, వాళ్ళు తెచ్చిన బస్తాలో, అరుగు మీద ఉంది. ఈ రోజుకి నాకు అంతకంటే ఏం కావాలి.

"అక్కా, జాగ్రత్తగా విను. డబ్బా ఆ బస్తాలో ఉంది. నువ్వు చెయ్యి పెట్టకు, మూతి విప్పకు. వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలువు. సీఐ గారు వస్తున్నారు, ఆయన చేత్తోనే విప్పించు. అప్పటిదాకా అది అక్కణ్ణుంచి కదలకూడదు."

"ఎవరు కదుపుతారు?"

"వాళ్ళే. మళ్ళీ వస్తున్నారు."

పక్కన శివరామకృష్ణ తన ఫోనులో సీఐ గారితో మాట్లాడుతున్నాడు. "సార్, ఇప్పుడే, ఈ క్షణమే బయల్దేరండి. హయాత్ కోసం కాదు సార్. నేను పొద్దున చెప్పింది తప్పు. తప్పని నేనే రాసిస్తాను." ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో మొహంలో తెలుస్తోంది. మాబు సాహెబ్ పెన్ను పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

నా ఫోనులో బండి ఆగిన చప్పుడు. మగ గొంతులు. "ఏయ్ లేవమ్మా, పొరపాటున నీకిచ్చాం, వేరేవాళ్ళది బస్తా." తర్వాత అక్క గొంతు, నాతో కాదు, వీధికంతా వినపడేలా.

"కూర్చున్నా దీనిమీద! నా మొగుడు తొమ్మిది రోజుల్నుంచి కటకటాల వెనక కూర్చున్నాడు. నేను తొమ్మిది నిమిషాలు కూర్చోలేనా? ఎవడు లేపుతాడో లేపండ్రా చూద్దాం!"

ఏదో కిందపడిన చప్పుడు. ఆడవాళ్ళ అరుపులు. లైను తెగిపోయింది.

మళ్ళీ చేశాను. మోగుతోంది, ఎత్తట్లేదు. నేనున్న చోటికీ ఆ అరుగుకీ మధ్య గంటన్నర దారి. చెయ్యగలిగింది ఒక్కటే. హయాత్ ఫోనులో కొత్త వరసలు దించుతూ కూర్చున్నాను. ముగ్గురం ఆ వేగం గడిలోకి చూస్తున్నాం.

12:21. సున్నా.

12:22. సున్నా.

12:23 వరస రావడం ఆలస్యమైంది. శివరామకృష్ణ ఊపిరి నా భుజం వెనక వినపడుతోంది. వచ్చింది.

సున్నా. అక్క లేవలేదు.